రెండు పట్టీల మధ్య ఒక జడ: మిషన్ మీద అల్లిన ముక్కలను కలపడం ఎలా?

మిషన్ మీద స్వెట్టర్లు అల్లడం వచ్చినవాళ్లు కూడా రగ్గు జోలికి వెళ్లడానికి జంకుతారు. కారణం వెడల్పు. ఇళ్లలో వాడే మధ్యరకం చేతి మిషన్‌లో 150 సూదులు ఉంటాయి. సూదికీ సూదికీ మధ్య దూరం ఆరున్నర మిల్లీమీటర్లు. పది సెంటీమీటర్లకు 20 కుట్లు పడే ఊలు వేస్తే, సూదులన్నీ వాడినా 75 సెంటీమీటర్లకు మించి బట్ట రాదు. సన్నరకం మిషన్‌లో 200 సూదులున్నా అవి మరింత దగ్గరగా ఉంటాయి కాబట్టి వెడల్పు ఇంచుమించు అంతే. అంతకంటే పెద్దది కావాలంటే పట్టీలుగా అల్లి అతకాల్సిందే. ఎంత శ్రద్ధగా కుట్టినా అతుకు గట్టిపడి, రగ్గు మధ్యలో గీత గీసినట్టు కనిపిస్తుంది.

ఆ అతుకును దాచాలని చూడకుండా, దాన్నే అలంకారంగా మార్చే పద్ధతి ఒకటి ఉంది. పట్టీల అంచుల్లో పొడవాటి లూపులు వదిలి, వాటిని పాయలుగా తీసి, ఎడమ పాయలోంచి కుడి పాయను, కుడి పాయలోంచి ఎడమ పాయను లాగుతూ పైకి పోతే రెండు పట్టీల మధ్య నిలువునా ఒక జడ నిలుస్తుంది. కుట్టే పని దాదాపు లేదు. జడకు వేరే ఊలు అక్కరలేదు, పట్టీల ఊలే జడ అవుతుంది. ఒక పట్టీ తంగేడు పసుపు, పక్కది కట్లపూల నీలం అయితే జడలో ఒక పాయ పసుపు, ఒక పాయ నీలం. ఇంత అందం ఇంత తేలిగ్గా వచ్చే పని అల్లికలో మరొకటి నేను చూడలేదు.

హనుమకొండలో మా ఇంట్లో బతుకమ్మ పండుగ అవగానే మిషన్ మీద కప్పిన గుడ్డ తీస్తాను. ఆదిలాబాద్‌లో ఉండే మా అక్క ఇంటికి చలి ముదిరేలోపు రగ్గులు చేరాలి. అక్కడ డిసెంబరు, జనవరి రాత్రుల్లో ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు దిగడం మామూలే. మేడారం జాతర వచ్చే ఏడాది ఇంకో రెండు ఎక్కువ అల్లాలి, మాఘమాసంలో ఆరుబయట పడుకునే రాత్రులు కదా.

ఒక సంగతి ముందే మనసులో పెట్టుకోండి. ఈ జడ పని పట్టీకి మొదటి కుట్టు వేయకముందే మొదలవుతుంది. ఏ సూది ఖాళీగా ఉండాలి, ఏ సూది పనిచేయాలి, మొత్తం ఎన్ని వరుసలు అల్లాలి అన్నది అప్పుడే తేలిపోవాలి. కొక్కెం చేతిలోకి తీసుకునేనాటికి జడ బాగోగులు చాలావరకు నిర్ణయమైపోయి ఉంటాయి.

ముందు ఒక నమూనా

మన దుకాణాల్లో ఊలు అని అడిగితే ఇచ్చేది ఎక్కువగా ఆక్రిలిక్. ఈ పనికి అది చక్కగా సరిపోతుంది. నున్నగా జారే దారం మాత్రం వద్దు, పాయలు జారిపోతాయి. బొచ్చు ఎక్కువున్న ఊలూ వద్దు, లూపులు ఒకదానికొకటి అంటుకుని విడిపోవు. రగ్గు మొత్తానికి కావలసిన ఊలు ఒకేసారి, ఒకే రంగు నంబరువి కొనండి. తర్వాత తెచ్చిన ఉండ రంగులో పిసరంత తేడా ఉన్నా జడ దగ్గర పక్కపక్కన పడి బయటపడుతుంది.

నమూనాకు 20 సూదుల మీద కుట్లు వేయండి. ఒక వైపు అంచు పక్కన నాలుగు సూదులు ఖాళీగా వదిలి, ఐదో సూదిని పనిలోకి తెచ్చి 48 వరుసలు అల్లండి. ఇలాంటి ముక్కలు రెండు కావాలి. సూదుల మీదుగా అటూ ఇటూ జరుగుతూ వరుసలు అల్లే భాగం క్యారేజి. అది ఒకసారి అంచుదాకా వెళ్లి తిరిగి వస్తే ఖాళీ సూదుల మీదుగా ఊలు సాగుతుంది. చివర్లో ఐదో సూది కుట్టును జారవిడిస్తే ఆ ఊలే ఒక లూపు అవుతుంది, అంటే రెండు వరుసలకు ఒకటి. 48 వరుసలకు 24 లూపులు. మూడేసి కలిపి ఒక పాయ చేస్తే ఎనిమిది పాయలు. కింద చెప్పబోయే పద్ధతిలో రెండు ముక్కలనూ కలిపి, నేల మీద పరిచి చూడండి.

జడ పట్టీలకంటే పొట్టిగా ఉండి బట్టను ముడతలు పెడుతుంటే లూపులు చాలడం లేదని అర్థం. ఖాళీ సూదులను ఐదు చేయండి, లేదా పాయకు రెండు లూపులే తీసుకోండి. పాయల సంఖ్య పెరిగి జడ పొడవవుతుంది. జడ వదులై పాములా మెలికలు తిరుగుతుంటే దీనికి తిరగేయండి: ఖాళీ సూది ఒకటి తగ్గించండి, లేదా పాయకు నాలుగు లూపులు తీసుకోండి. ఈ నమూనా మానేసి నేరుగా రగ్గు మొదలుపెట్టవద్దు. నేను మొదటి రగ్గుకు మానేశాను. మూడు పట్టీలు అల్లి కలిపాక జడ పొట్టిదై, రగ్గు మధ్యలో రెండు వాగులు పారినట్టు గుంటలు పడ్డాయి. అంతా విప్పేసి మళ్లీ మొదటి నుంచి అల్లాను, ఇరవై రోజుల పని.

పట్టీ అల్లడం

ఇక్కడ చెప్పే కొలతలు మధ్యరకం మిషన్‌కు. ఒక్కొక్కటి 30 సెంటీమీటర్ల వెడల్పున మూడు పట్టీలు, మధ్యలో రెండు జడలు. ఒక్కో జడ నాలుగు సెంటీమీటర్లు తీసుకున్నా మొత్తం 98 సెంటీమీటర్లు. పొడవు 120. ఒడిలో కప్పుకోవడానికి, పదేళ్లలోపు పిల్లలకు ఇది చాలు. పెద్దవాళ్లకైతే ఐదు పట్టీలు వేసి, పొడవు పెంచండి.

సున్నా గుర్తుకు ఎడమన 30, కుడిన 30 సూదుల మీద కుట్లు వేయండి. మొదట్లో అర మీటరు ఊలు తోకగా వదలండి, చివర్లో అక్కరకొస్తుంది. రెండు వరుసలు మామూలుగా అల్లండి. అప్పుడు 31 నుంచి 34 దాకా సూదులను ఖాళీగా ఉంచి, 35వ సూదిని పనిలోకి తీసుకురండి. మధ్య పట్టీకి రెండు వైపులా జడ వస్తుంది కాబట్టి అటూ ఇటూ 35లు రెండూ రావాలి. చివరి పట్టీలకు లోపలి వైపున ఒక్కటే.

లోపలి వైపు ఏదో తేల్చుకోవడంలోనే చాలామంది పొరపడతారు. మిషన్ మీద అల్లుతున్నప్పుడు మనకు ఎదురుగా కనిపించేది బట్ట వెనక ముఖం. రగ్గును ముందు నుంచి చూసినప్పుడు ఎడమన ఉండే పట్టీకి కుడి అంచులో లూపులు కావాలి. మిషన్ మీద అది మీ ఎడమ చేతి వైపు అవుతుంది. కుడి పట్టీకి మీ కుడి చేతి వైపు. ఒకే రంగు పట్టీ అయితే పొరపాటు జరిగినా తల్లకిందులుగా తిప్పి సరిచేసుకోవచ్చు. చారలుంటే ఆ దారి లేదు. ఒక చీటీ మీద మూడు పట్టీల బొమ్మ గీసి, లూపులు వచ్చే వైపు చుక్కలు పెట్టి మిషన్ పక్కన అంటించుకోండి.

అంచున ఒంటరిగా ఉన్న ఆ 35వ సూది కుట్టు సరిగా పడాలంటే దానికి విడిగా చిన్న బరువు తగిలించాలి. ప్రతి పాతిక వరుసలకు బరువును పైకి జరపండి. మరిచిపోతే కుట్టు సూది కొక్కెంలోంచి తప్పుకుంటుంది, ఆ చోట లూపు పొడవు మారిపోతుంది. ఒకసారి తప్పితే ఆపి సరిచేసుకోండి, తర్వాత చూద్దామని సాగిపోవద్దు.

ఇక వరుసల లెక్క. పది సెంటీమీటర్లకు 28 వరుసలు పడితే 120 సెంటీమీటర్లకు 336 వరుసలు. అంటే 168 లూపులు, మూడేసి చొప్పున 56 పాయలు. ప్రతి 42 వరుసలకు 30వ సూది కుట్టు దగ్గర వేరే రంగు దారం ముక్క కట్టండి. 42 వరుసలంటే 21 లూపులు, ఏడు పాయలు, 15 సెంటీమీటర్లు. రగ్గు పొడవునా ఇలాంటి భాగాలు ఎనిమిది. జడ వేసేటప్పుడు ఈ గుర్తులు ఎదురెదురుగా పడుతుంటే అంతా సరిగా ఉన్నట్టు. మూడు పట్టీలకూ వరుసల సంఖ్య, కుట్ల బిగువును నిర్ణయించే టెన్షన్ డయల్ అంకె ఒకటే ఉండాలి. కొలత టేపును ఇక్కడ నమ్మవద్దు. అల్లిన బట్ట లాగితే సాగుతుంది, వదిలితే ముడుచుకుంటుంది. వరుసల కౌంటరు చూపే అంకె ఒక్కటే కదలకుండా ఉంటుంది.

336 పూర్తయ్యాక అంచు కుట్టును, అంటే 35వ సూది మీది కుట్టును, సూది నుంచి తీసి పిన్నీసుకు పట్టించండి. 35వ సూదిని పని నుంచి తప్పించి, మిగిలిన 60 కుట్ల మీద ఇంకో రెండు వరుసలు అల్లి ముగించండి. ఈ రెండు వరుసలు, మొదట వేసిన రెండు వరుసలు కలిసి పైనా కిందా మూలలు చెదరకుండా పట్టుకుంటాయి. అంచు కుట్లను అప్పుడే జారవిడవవద్దు. లూపులు చిక్కుపడి నానా తిప్పలు పెడతాయి.

పట్టీని మిషన్ నుంచి తీయగానే కలపడానికి కూర్చోవద్దు. బరువులకు సాగిన బట్ట అసలు కొలతకు రావాలి. ఒక రాత్రంతా నేల మీద పరిచి వదిలేయండి. ఇస్త్రీ పెట్టవద్దు, ఆక్రిలిక్ వేడికి చచ్చుబడి, ఇక తిరిగి పుంజుకోదు.

జడ వేయడం

కావలసినవి నాలుగైదు మిల్లీమీటర్ల క్రోషే కొక్కెం, పిన్నీసులు, వెలుతురు ఉన్న చోటు. మంచం మీదకంటే నేల మీద జంపఖానా పరిచి కూర్చోవడం మేలు. వరంగల్ కొత్తవాడలో నేసే జంపఖానా ఇంట్లో ఉంటే అంతకంటే ఏం కావాలి! బట్ట జారదు, చారల వెంబడి పట్టీలను తిన్నగా పెట్టుకోవచ్చు. వరంగల్ దరీలకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ మగ్గాల దగ్గర కాసేపు నిలబడి చూస్తే, రెండు రంగుల పోగులు అంచుల దగ్గర ఒకదాన్ని ఒకటి పట్టుకుని ముందుకు సాగే తీరు కనిపిస్తుంది. మన జడ పని వేరు, పనిముట్లు వేరు. అయినా రెండు రంగులు కలిసే చోటును దాచకుండా అందంగా చూపించవచ్చన్న నమ్మకం నాకు అక్కడే కలిగింది.

రెండు పట్టీలనూ మంచి ముఖం పైకి ఉండేలా పక్కపక్కన పరచండి. రెండింటి మొదలూ మీ వైపు ఉండాలి. పిన్నీసులు తీసి, అంచు కుట్లను పై నుంచి కిందికి మెల్లగా జారవిడవండి. ఎక్కడైనా ఆగితే పట్టీని రెండు చేతులతో అడ్డంగా కాస్త లాగండి, మళ్లీ జారుతుంది. అంతా విడిపోయాక అంచున దువ్వెన పళ్లలా లూపులు వరుసగా నిలబడతాయి. కడుపు నిండే దృశ్యం అది. అయినా ముందు లెక్కపెట్టండి. ఒక అంచులో 168, ఇంకో అంచులో 169 రావచ్చు. క్యారేజి బయలుదేరి, తిరిగి ఆగిన వైపున మొదటా చివరా చిన్న లూపులు పడతాయి కాబట్టి ఈ ఒకటి తేడా వస్తుంది, అది తప్పు కాదు. ఎక్కువున్న లూపును చివరి పాయలో కలిపేయండి. తేడా రెండు దాటితే ఎక్కడో కుట్టు తప్పిందన్నమాట. దారం గుర్తుల మధ్య 21 చొప్పున లెక్కపెడుతూ వెళ్తే ఆ చోటు దొరుకుతుంది.

ఎడమ పట్టీ కింది మూల నుంచి మూడు లూపులను కొక్కేనికి ఎక్కించండి. కొక్కేన్ని గడియారం ముల్లు తిరిగే వైపు ఒక చుట్టు తిప్పండి. ఈ మెలికే జడకు నిండుదనం ఇస్తుంది, సందులను మూస్తుంది. ఇప్పుడు కుడి పట్టీ నుంచి మొదటి మూడు లూపులను కొక్కెం మొనతో అందుకుని, ఎడమ పాయలోంచి ఇవతలికి లాగండి. కొక్కెం మీద ఇప్పుడు కుడి పాయ ఉంటుంది. దాన్ని కూడా అదే వైపు ఒక చుట్టు తిప్పి, ఎడమ నుంచి తర్వాతి మూడింటిని దానిలోంచి లాగండి. ఎడమ, కుడి, ఎడమ, కుడి. అంతే పని. ఒక పాయను ఒక వైపు, మరో పాయను ఇంకో వైపు తిప్పితే మాత్రం జడ ముఖం చెదురుతుంది.

లాగడంలో చేయి ఒకేలా ఉండాలి. బిగించాలన్న కోరికను ఆపుకోండి. పాయ రెండోదానిలోంచి బయటికి వచ్చి, బట్టకు సమానంగా పడుకుంటే చాలు. గట్టిగా లాగితే లూపు తన ఊలును పక్క కుట్టు నుంచి లాక్కుంటుంది. పట్టీ అంచు కుట్టు బిగిసి, బట్ట లోపలికి ముడుచుకుపోతుంది. అప్పటికే అలా జరిగితే ఆ చోట పట్టీని పొడవునా మెల్లగా సాగదీయండి, కుట్లు చాలావరకు సర్దుకుంటాయి.

ఏడేసి పాయలకు ఒకసారి ఆగండి. రెండు పట్టీల రంగు దారాలూ ఎదురెదురుగా ఉన్నాయా? ఉంటే దారం తీసేసి ముందుకు వెళ్లండి. లేకపోతే ఆ ఏడు పాయలూ విప్పండి. విప్పడానికి క్షణం చాలు, కొక్కెం తీసి లాగితే అంతా ఊడి వస్తుంది.

అంత తేలిగ్గా ఊడటమే ఈ అల్లికలోని ప్రమాదం కూడా. బియ్యం బస్తా మూతి కుట్టు చూశారు కదా, సరైన కొస పట్టుకుని లాగితే మొత్తం ఒక్క ఊపున విడిపోతుంది. మన జడా అంతే. చివరి పాయను గట్టిగా బంధించకపోతే ఏదో ఒక రోజు మొత్తం విడిపోతుంది. అందుకే చివరి పాయలోంచి పట్టీ ముగింపు తోకను సూదితో మూడుసార్లు దూర్చి, పక్క పట్టీ పై అంచులోని కుట్లకు నాలుగు కుట్లు వేసి, వెనక్కి తీసి ముడి వేయండి. కొసను వెంటనే కత్తిరించకుండా వెనక కుట్లలో ఒక జానెడు దూరం దూర్చి దాచండి. కింద మొదట్లో వదిలిన తోకతో రెండు పట్టీల మూలలను దగ్గరికి లాగి కుట్టండి. లేకపోతే జడ మొదట్లో నోరు తెరిచినట్టు సందు ఉండిపోతుంది.

కొన్ని సందేహాలు

పట్టీలు లూపులు వదలకుండా అల్లేశామని బాధపడేవారికి ఒక దారి ఉంది. క్రోషే కొక్కెంతో అంచు వెంబడి ఎనిమిదేసి గొలుసు కుట్లు వేసి, ప్రతి ఆరో వరుస దగ్గర అంచుకు పట్టించుకుంటూ పైకి వెళ్లండి. ఒక్కో గొలుసు ఒక్కో పాయ. 336 వరుసలకు ఇక్కడా 56 పాయలే వస్తాయి. తర్వాత జడ వేసే తీరు పైన చెప్పినదే. ఊలు కొంత ఎక్కువ పడుతుంది, జడ మందంగా వస్తుంది. నాకు మాత్రం మొదటి పద్ధతే నచ్చుతుంది, బట్టలోంచే పుట్టిన జడ బట్టతోపాటే సాగుతుంది.

స్వెట్టర్‌కు వేయవచ్చా? చేతుల్లేని స్వెట్టర్ ముందు భాగంలో, రెండు ముక్కలు కలిసే చోట చాలా బాగుంటుంది. పక్కల, చంకల కింద మాత్రం వద్దు. అక్కడ రాపిడి ఎక్కువ, లూపులు తగులుకుని తెగుతాయి.

చంటిబిడ్డల రగ్గుకు వేసేవారు ఒక్క విషయంలో జాగ్రత్తగా ఉండాలి. పాయల మధ్య సందుల్లో చిన్నారుల వేళ్లు ఇరుక్కోవచ్చు. ఖాళీ సూదులు రెండుకు తగ్గించి నమూనా కొత్తగా చూసుకోండి, పాయకు రెండు లూపులే సరిపోవచ్చు. కలిపాక మీ చిటికెన వేలి కొనను జడలోకి నెట్టి చూడండి. దూరుతుంటే ఆ రగ్గు వెనక మెత్తటి నూలు గుడ్డ వేసి కుట్టాకే బిడ్డకు కప్పండి. గుడ్డ వేస్తే పెద్దవాళ్ల రగ్గుకు కూడా గాలి చొరబడదు. ఆదిలాబాద్ పంపే వాటికి నేను తప్పకుండా వేస్తాను.

ఉతికేటప్పుడు గోరువెచ్చని నీళ్లలో సబ్బుపొడి వేసి మెల్లగా నొక్కండి, పిండవద్దు. తడి రగ్గును తీగ మీద వేలాడదీస్తే నీటి బరువుకు జడ సాగిపోతుంది, తిరిగి రాదు. తువ్వాలులో చుట్టి నీరు తీసి, నులక మంచం మీద పరచండి. కింది నుంచి కూడా గాలి తగిలి సాయంత్రానికి ఆరిపోతుంది. ఆరాక జడను ఒకసారి కింది నుంచి పైకి వేళ్లతో సవరించండి, నలిగిన పాయలు మళ్లీ నిలబడతాయి.